బావ మెట్టుకి టేపు

కింద నుంచి ఎక్కుతున్నంతసేపూ ఏ గొడవా ఉండదు. నాలుగు మెట్లెక్కేసరికి కాలికి ఒక లెక్క అలవాటవుతుంది. ఆపైన కాలు దాని పని అది చేసుకుపోతుంది, మనిషి ధ్యాస ఎక్కడో ఉంటుంది. తీరా పై అంతస్తు వచ్చేసిందనుకునే చివరి మెట్టు దగ్గర బొటనవేలు ఠపీమని రాయికి కొట్టుకుంటుంది. ఎలక్ట్రీషియన్ తూలాడు. రంగులవాళ్ళు డబ్బాలతో సహా తూలారు. తలుపులు బిగించే వడ్రంగి తలుపుని కావలించుకుని ముందుకు పడి, "ఎవడు కట్టాడయ్యా ఈ మెట్టు" అని మొదలుపెట్టి, పక్కనే తాపీ మేస్త్రి నిలబడి ఉండటం చూసి, "అంటే, గట్టిగా కట్టారు అంటున్నా" అని సర్దుకున్నాడు.

ఆ చివరి మెట్టు మిగతావాటికన్నా ఒక్క అంగుళం ఎత్తు. అంగుళం అంటే ఏముంది, బొటనవేలి కణుపంత, అని మీరూ నేనూ సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ భవనం కట్టిస్తున్నది కళ్ళ డాక్టరమ్మ. ఇంకొన్నాళ్ళలో ఆ మెట్లెక్కబోయేది చూపు ఆననివాళ్ళు, ఒక కంటికి కట్టు కట్టుకున్నవాళ్ళు, కళ్ళలో చుక్కల మందు పోయించుకుని తడుముకుంటూ నడిచేవాళ్ళు. వాళ్ళకి ఆ అంగుళం అంగుళం కాదు. పళ్ళు రాలగొట్టే యంత్రం.

చివరికి డాక్టరమ్మ కూడా పడింది. చేతిలో అద్దాల పెట్టెతో పైకొస్తూ, అందరూ పడ్డచోటే పడింది. గుండ్రటి అద్దాలు మెట్ల మీదుగా కిందిదాకా దొర్లుకుంటూ పోయాయి. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుని, "ఇది ఎవరి తప్పు?" అని అడిగింది.

మేస్త్రి కిందినుంచి తల పైకెత్తి, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పాడు. "నేను వదిలేసి వచ్చేసరికి మెట్లు సరిగ్గా ఉన్నాయమ్మా. ఆ తర్వాత ఏం పెట్టారో పెట్టినవాళ్ళని అడగండి."

పెట్టినవాడు అప్పుడు పైనే ఉన్నాడు. టైల్స్ మధ్య సందులు గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ మాట విన్నాడు. గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆ మేస్త్రి ఎవరో కాదు, అతని సొంత అక్క మొగుడు.

ఇతన్ని అందరూ బొంగరం అంటారు. చిన్నప్పుడు అక్కే పెట్టింది ఆ పేరు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే మడమ ఊగుతుంది, నిద్రలో కూడా వేళ్ళు ఏదో ఒకటి గీకుతూనే ఉంటాయి. అక్క పెళ్ళయ్యేనాటికి చదువు అటకెక్కించేశాడు. ఏ పనిలో పెట్టినా నెల తిరక్కుండానే పారిపోయొచ్చేవాడు. బావే పిలిచి చేతికి తాపీ ఇచ్చాడు. గోడల పని వీడి వల్ల కాదు, టైల్స్ అయితే వంగి కూర్చోవాలి కాబట్టి కాస్త కుదురొస్తుందని ఆ పనిలోకి మళ్ళించాడు. కుదురు రాలేదు గానీ పని వచ్చింది. ఆ తర్వాత బావ ఎక్కడ గోడ కట్టినా అక్కడ నేల ఇతనిది. జోడెద్దుల్లా తిరిగారు.

వాళ్ళిద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉంది. బావ పనికి బొంగరం టేపు పెట్టడు. బొంగరం పనికి బావ మట్టం పెట్టడు. ఇది ఎవరూ కూర్చుని పెట్టుకున్న నియమం కాదు. పనిలో చేరిన కొత్తలో బొంగరం ఓసారి కుతూహలం కొద్దీ బావ కట్టిన గోడకి నలుగురి ముందూ టేపు పెట్టి చూశాడు. ఆ మధ్యాహ్నం, ఎప్పుడూ కలిసి తినే బావ, తన క్యారేజీ తీసుకుని ఇసుక గుట్ట అవతలికి వెళ్ళి ఒక్కడే తిన్నాడు. ఆ పూట బొంగరానికి ముద్ద గొంతు దిగలేదు. అంతే, మళ్ళీ జన్మలో బావ పనికి టేపు పెట్టలేదు. చూసినవాళ్ళు కూడా, "బావా బావమరుదులంటే వాళ్ళయ్యా, ఒకరి మీద ఒకరికి ఎంత గురి" అని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకునేవాళ్ళకేం పోయింది, వాళ్ళేమన్నా ఆ మెట్లెక్కారా!

ఇప్పుడు అసలు సంగతి చెప్పుకోవాలి. ఆ మెట్టు గురించి బొంగరం కడుపులో ఒక మాట ఉంది.

పై అంతస్తులో నేల పరిచే ముందు మట్టం చూసుకోవడం అతని పని. పొడుగాటి పారదర్శకపు పైపులో నీళ్ళు నింపి ఒక కొస ఒకరు, ఇంకో కొస ఒకరు పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అలా చూస్తూ మెట్ల అంచు దగ్గరికొచ్చేసరికి స్లాబు అక్కడ అంగుళం కిందికి ఉన్నట్టు తేలింది. కాంక్రీటు పోసినప్పుడు కింద ఆసరాగా నిలబెట్టిన సెంట్రింగ్ కర్ర జారి ఉంటుంది. అలా జారడం కొత్తేం కాదు. కానీ ఈ స్లాబు బావ పోయించింది. అవతలి కొస పట్టుకున్న కూలీకి అర్థమయ్యేలోపు బొంగరం పైపు చుట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే అడిగే సారు వచ్చాడు. ఈయన గురించి కూడా చెప్పాలి. డాక్టరమ్మ అంతకుముందు కట్టించుకున్న ఇల్లు కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి నలిగింది. అందుకని ఈసారి మొదట్లోనే ఏ పక్షానికీ సంబంధం లేని రిటైరైన ఇంజినీరు ఒకాయన్ని పెట్టుకుంది. ఆయన నెలకోసారి వస్తాడు, సైటంతా తిరుగుతాడు, అందరినీ కూర్చోబెట్టి టీ తాగుతూ ఒకటే ప్రశ్న వేస్తాడు. "చెప్పకుండా మింగిందేమన్నా ఉందా?" ముల్లు పుండు కాకముందే తీసేయాలని ఆయన సిద్ధాంతం. అందరూ ఒకటే జవాబు చెప్తారు. "ఏం లేదు సార్, అంతా బాగుంది." ఆయన టీ తాగేసి వెళ్ళిపోతాడు. ఆ రోజు కూడా అడిగాడు. బావ గ్లాసులోకి చూస్తూ ఏం లేదు సార్ అన్నాడు. బొంగరం మోకాలు ఊపుతూ ఏం లేదు సార్ అన్నాడు.

ఆ తర్వాత వేరే చోట చిన్న పని ఒప్పుకున్నందువల్ల కొన్నాళ్ళు అటు వెళ్ళాడు. తిరిగొచ్చాక మెట్ల అంచు దగ్గర సిమెంటు మాలు మందంగా పోసి, నేలని అంగుళం ఎత్తి, పైన టైల్స్ పరిచేశాడు. స్లాబు జారిన ఆనవాలు లేకుండా పోయింది. బావ పరువు కాపాడానని లోలోపల ఎంత మురిసిపోయాడో చెప్పలేను. మెట్లకి రాయి తాపడం తన దగ్గర పనిచేసే కోతల మావకి అప్పగించి, తను స్నానాల గదుల పనిలో పడ్డాడు. రాళ్ళెంత బాగా కోస్తాడో కబుర్లూ అంత బాగా కోస్తాడని ఆ ముసలాయనకి ఆ పేరు.

కాబట్టి డాక్టరమ్మ పడిపోయిన రోజున బొంగరం లెక్క ఇలా ఉంది. స్లాబు అంగుళం తగ్గింది, తను అంగుళం ఎత్తాడు, నేల సరిపోయింది. అయినా చివరి మెట్టు ఎక్కువుందంటే బావ మెట్లే తప్పు. ఒకటి కాదు, బావవి రెండు తప్పులు. ఒకటి తను కప్పిపెట్టాడు. రెండోది తెచ్చి ఆయన తన నెత్తిన పెడుతున్నాడు! చెప్పేద్దామా అంటే, చెప్పిన మరుక్షణం స్లాబు జారిన సంగతి బయటపడుతుంది, మేస్త్రిగా బావ పేరు మట్టిలో కలుస్తుంది. ఊరుకుందామా అంటే తన పేరు కలుస్తుంది. మింగలేడు, కక్కలేడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో ఉండి, "ఆ పక్కన ఉన్నాయనకి చెప్పండి, ఇసుక తీసేయమని" అని బావ గోడతో అనేవాడు. "ఇసుక పోసినాయన్నే తీసుకోమనండి" అని బొంగరం కిటికీతో అనేవాడు. మధ్యలో కోతల మావ ఇటు తిరిగీ అటు తిరిగీ మెడ పట్టేసిందని ఒక పూట సెలవు పెట్టాడు. కాంక్రీటు కూలీలు ఒకచోట, టైల్స్ కూలీలు ఒకచోట టీ తాగడం మొదలైంది. రెయిలింగ్ బిగించేవాడు వచ్చి, "మెట్టు తేలేదాకా నా చెయ్యి పడదు" అని సామాన్లు తీసుకుని పోయాడు. పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి, చెరోవైపుకీ చూస్తూ చెప్పింది. "రేపు ఆ సారు వస్తున్నారు. ఇదే ఆఖరు. రేపు తేలకపోతే ఇద్దరూ సామాన్లు సర్దుకోండి. పై నేలంతా తవ్వించాలో, మెట్లే కూలగొట్టించాలో కొత్తవాళ్ళు చూసుకుంటారు. తప్పెవరిదో లాయర్లు చూసుకుంటారు."

బొంగరం ఆ సాయంత్రం బండి వేసుకుని తిరిగాడు. ఎటు తిప్పినా బండి అక్క వాళ్ళ వీధిలోకే పోతోంది. గేటు ముందునుంచి పోవడం, వీధి చివర తిప్పుకోవడం, మళ్ళీ రావడం. చివరికి అక్కే గేటు తీసుకుని రోడ్డు మీదికొచ్చి అడ్డం నిలబడింది.

"ఏరా, మా వీధి కొలతలేమన్నా తీస్తున్నావా? ఎన్ని చుట్లు తిరుగుతావు?"

"ఇటు పనుండి వచ్చానక్కా."

"ఏం పని?"

బొంగరం బండి అద్దం సరిచేసుకున్నాడు.

"సరే, లోపలికి రా."

"బావ ఉన్నాడా?"

"ఉంటే రావా?"

"రాను."

"లేడు."

"అయినా రాను."

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా ఖర్మరా. ఇంట్లో ఆయన అన్నం కెలుకుతూ కూర్చుంటాడు, వీధిలో నువ్వు చక్కర్లు కొడుతుంటావు. నేనెవరి వైపు ఉండాలో నువ్వే చెప్పు."

"నా వైపు. తప్పు నాది కాదు."

"ఆయనా ఇదే ముక్క అన్నాడు. ఇద్దరిదీ కాకపోతే ఆ మెట్టు వానకి మొలిచి పెరిగిందా?"

"నేను ఆయన కోసం ఏం చేశానో తెలుసా నీకు?"

"చెప్పు, తెలుసుకుంటాను."

"చెప్పలేనక్కా."

"మొహమాటానికి పోతే కడుపైందని సామెత. మీ ఇద్దరికీ నెలలు కూడా నిండుతున్నట్టున్నాయి." అక్క నవ్వుదామని మొదలుపెట్టింది గానీ నవ్వు రాలేదు. "ఆయన మాత్రం తక్కువ కష్టపడ్డాడా ఆ మెట్ల మీద? నువ్వు వేరే పనికి వెళ్ళినప్పుడు రోజూ అరచేతులు బొబ్బలెక్కి వచ్చేవాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు."

మేస్త్రి చేతులకి బొబ్బలు కొత్తా ఏమిటి అనుకున్నాడు బొంగరం. బండి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. అక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఆపింది.

"ఒరేయ్, నాకు తెలిసింది ఒకటే. రేపు ఎవరిది తప్పని తేలినా మీ ఇద్దరిలో ఒకడు ఈ గడప తొక్కడు. అది ఆయన ఎలాగూ కాడు, ఆయనిల్లు కదా. నువ్వే. నాకున్నది ఒక్క తమ్ముడివి. నువ్వు రాకపోతే ఈ ఇంట్లో నా మీద అరిచేవాడెవడు, నేను అరిస్తే పడేవాడెవడు?"

బొంగరం ముక్కు ఎగబీల్చుకున్నాడు. ఏదో గొణిగి బండి పోనిచ్చాడు. ఈసారి మాత్రం వీధి చివర తిప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అడిగే సారు వచ్చాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా ఎక్కే మనిషి కాబట్టి తూలలేదు గానీ, చివరి మెట్టు దగ్గర ఆగి కాలితో రెండుసార్లు తడిమి చూశాడు. కింద గదిలో కుర్చీలు వేసి ఉన్నాయని డాక్టరమ్మ చెప్తే, "కుర్చీలొద్దమ్మా, ఇక్కడే కూర్చుందాం" అని ఆ పై మెట్టు మీదే చతికిలబడ్డాడు. ఆయన పక్కన మోకాలికి కట్టుతో డాక్టరమ్మ. రెండు మెట్ల కింద బొంగరం. ఇంకా కింద, మలుపు దగ్గర, వీపు గోడకి ఆనించి బావ. మధ్యలో కోతల మావ, కూలీలు. పెళ్ళి ఫొటోకి నిలబెట్టినట్టున్నారు గానీ ఒక్కరి మొహంలో కళ లేదు.

"ఎదుటివాడి తప్పు ఎవరూ చెప్పకండి," అన్నాడు సారు. "అది ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు, చాలు. ఎవరు మింగింది వాళ్ళు చెప్పండి. ముందెవరు?"

ఎవరూ ముందు కాలేదు. కోతల మావ పైకప్పు చూశాడు. బావ తన చెప్పు చూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో టకటకా ఒక చప్పుడు వినిపిస్తోంది. అందరూ వెతికారు. బొంగరం మడమ, రాయి మీద.

సారు దానికేసి చూసి, "మనిషి చెప్పకపోయినా ఆ కాలికేదో చెప్పాలనున్నట్టుంది," అన్నాడు.

బొంగరం లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఇప్పుడు నోరు తెరిస్తే నలుగురి ముందూ బావ స్లాబుకి టేపు పెట్టినట్టే. ఆనాడు ఇసుక గుట్ట అవతలికి వెళ్ళినాయన ఈసారి ఏ గుట్ట అవతలికి వెళ్తాడో, తిరిగొస్తాడో రాడో. తెరవకపోతే మాత్రం వెళ్ళేది తనే. నిన్న అక్క చెయ్యి వేసిన చోట ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.

"బావా, ఏమనుకోకు," అన్నాడు. అన్ని రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. "స్లాబు జారింది సార్. ఈ అంచు దగ్గర అంగుళం. నేను చూశాను. ఆ రోజే మీరొచ్చి అడిగారు, ఏం లేదని అబద్ధం చెప్పాను. తర్వాత మాలు మందం పోసి నేల ఎత్తేశాను. ఎవరికీ చెప్పలేదు. అంతే సార్, నేను మింగింది అంతే."

కాంక్రీటు కూలీలు మేస్త్రి వైపు చూడటానికి భయపడ్డారు. బావ తల పైకెత్తాడు.

"జారిందని నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"ఎత్తావా?"

"ఎత్తాను."

"ఎంత?"

"చెప్పానుగా, అంగుళం."

బావ గోడ పట్టుకుని లేచాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంటే బొంగరం తనకి తెలియకుండానే ఒక మెట్టు వెనక్కెక్కాడు. బావ అతని ముందు ఆగలేదు. పక్కనుంచి దాటి, వంగి, పై మెట్టు రాయి మీద అరచెయ్యి ఆనించాడు.

"దీని కింద నేను చెక్కాను," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"సెంట్రింగ్ విప్పిన రోజే చూశాను సార్, స్లాబు జారిందని. దాన్ని నేనేం చేయగలను? ఇలా వదిలేస్తే చివరి మెట్టు అంగుళం పొట్టిదవుతుంది. అందుకని పై మెట్లన్నీ ఒకదాన్ని మించి ఒకటి కాస్త కాస్త చెక్కి దించాను. తేడా కనపడకుండా పంచేశాను. వీడు వేరే పనికెళ్ళినప్పుడు ఒక్కణ్ణే కూర్చుని చెక్కి, వీడొచ్చేలోపు పైన పూత పూసేశాను. సరిగ్గా చేసి వదిలాను కాబట్టే సరిగ్గా ఉందన్నాను. అబద్ధం కాదు సార్ అది."

బొంగరం బావ అరచేతులకేసి చూశాడు. బొబ్బలు! ఉలి పట్టిన బొబ్బలు! ఆయన మెట్లు అంగుళం దించాడు. తను నేల అంగుళం ఎత్తాడు. ఒక్కరు చేసి ఉంటే సరిపోయేది. ఎవరి మట్టుకు వాళ్ళు రెండోవాడికి తెలియకుండా చేయడంతో అంగుళం పెరిగి కూర్చుంది. తిరిగొచ్చాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మెట్టుకి టేపు పెట్టి ఉంటే తెలిసిపోయేది. బావ మెట్టుకి టేపేమిటని పెట్టలేదు.

"నాకు చెప్తే పోయేదిగా బావా."

"నీకా?" అన్నాడు బావ. "గోడకి టేపు పెట్టావని నిన్నొదిలేసి వెళ్ళి అన్నం తిన్నవాణ్ణి నేను. అలాంటివాణ్ణి నీ దగ్గరికొచ్చి, నా స్లాబు జారిందిరా, నువ్వో చెయ్యెయ్యి అని ఎలా అడగను? సిగ్గేసిందిరా. నువ్వెందుకు చెప్పలేదు మరి?"

"భయమేసింది. నీకు కోపమొస్తుందని కాదు. మళ్ళీ వేరే కూర్చుని తింటావని."

అప్పుడు కోతల మావ గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒకటి మింగాను సార్. చివరి మెట్టుకి నిలువు రాయి కోస్తుంటే మిగతా రాళ్ళకన్నా పొడుగు కావాల్సొచ్చింది. ఇదేమిటబ్బా అనుకున్నాను. మేస్త్రి మహా పనివాడు, మా వాడు మహా పనివాడు, మధ్యలో నేనెవరు, పెద్దోళ్ళు ఏదో ఆలోచించే చేసుంటారులే అని పొడుగ్గానే కోసి పెట్టేశాను."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకుని మెట్ల పొడుగునా పాకింది. బావ మీసం కూడా కదిలింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"ముగ్గురికీ తెలుసు," అంది. "పడింది నేను. మీ మర్యాదలు మీరూ మీరూ చూసుకున్నారు, బాగానే ఉంది. రేపు కంటికి కట్టుతో ఒక ముసలావిడ ఇక్కడ పడితే ఆవిడతో ఏం చెప్పేవాళ్ళు? మా బావ బాధపడతాడని ఊరుకున్నామమ్మా అని చెప్పేవాళ్ళా?"

నవ్వు చప్పున ఆగిపోయింది. ఇద్దరూ తల దించుకున్నారు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు సారు.

"నేల తవ్వక్కర్లేదమ్మా. నేను దించింది నేనే ఎత్తుతాను," అన్నాడు బావ. "పై మెట్ల రాళ్ళు లేపి, అడుగున మాలు పోసి మళ్ళీ పరిస్తే సరి."

"ఏం సరి?" బొంగరం అందుకున్నాడు. "ఆ నున్నటి పూత మీద మాలు అతుక్కుంటుందా? నాలుగు రోజులకి డొల్లవుతుంది. పూతంతా చెక్కేయాలి ముందు."

"చెక్కితే అంచులు ఊడతాయిరా."

"ఊడితే కట్టు. మేస్త్రివేగా నువ్వు."

"నాకు నేర్పుతున్నావా?"

"నువ్వు నేర్పిందే చెప్తున్నా."

ఇద్దరూ గొంతులు పెంచేశారు. ఒకడు ఉలి అంటాడు, ఒకడు మిషన్ అంటాడు. సారు మెల్లగా లేచి, ప్యాంటు దులుపుకుని, "ఇలా మొదట్లోనే అరుచుకుని ఉంటే నాకీ మెట్లెక్కే పని తప్పేది," అని డాక్టరమ్మతో అన్నాడు. టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

రాళ్ళు లేపారు. రాయి కింద మాలు, మాలు కింద పూత, పూత కింద బావ ఉలి గుర్తులు వరసగా బయటపడ్డాయి. బొంగరం వాటి మీద వేలు పెట్టి చూశాడు. ఒక్కడే కూర్చుని, ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుంటూ చెక్కిన చెక్కుడు. చూస్తుంటే కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

పూతంతా చెక్కడం అయ్యాక బావ జేబులోంచి టేపు తీసి అతని ముందు పెట్టాడు.

"పట్టు."

"ఏంటి బావా?"

"కొలిచి చూడు. కింది మెట్టు దగ్గర్నుంచి. గట్టిగా చెప్పు, అందరికీ వినపడాలి."

బొంగరం టేపు పట్టుకుని మొదటి మెట్టు దగ్గర వంగాడు. టేపు కొస జారింది. బావే వంగి ఆ కొస నేలకి ఆనించి పట్టుకున్నాడు. మొదటి మెట్టు సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. ఒక్కో కొలతా గట్టిగా చెప్తూ పోయాడు. మలుపు దాటాక, బావ ఉలి పెట్టని ఒక మెట్టు దగ్గర టేపు ఆగింది. గోరంత తక్కువ. ఏ కాలూ దానికి తగలదు, ఏ డాక్టరమ్మా పడదు. సరిగ్గా ఉంది బావా అంటే ప్రపంచంలో ఎవరికీ తెలియదు. కప్పిపెట్టే పాత అలవాటు నాలుక చివరికి వచ్చేసింది. మడమ ఊగడం మొదలైంది.

"బావా, ఇది తక్కువుంది," అన్నాడు. "గోరంత."

కోతల మావ సుత్తి ఆపేశాడు. బావ కళ్ళజోడు సవరించుకుని, టేపు మీదికి వంగి, చాలాసేపు చూశాడు.

"నాకు కనపడట్లేదు."

"ఉంది బావా."

"ఉందంటావా?"

"ఉంది."

"అయితే ఉంది. ఈ రాయి కూడా లేపు," అన్నాడు బావ.

మధ్యాహ్నం బొంగరం కిందికి పోబోతుంటే బావ ఆ మెట్ల మీదే కూర్చుని క్యారేజీ విప్పాడు. నాలుగు గిన్నెలున్నాయి. రెండు తన ముందు పెట్టుకుని, రెండు పై మెట్టు మీద పెట్టాడు.

"రోజూ ఇద్దరికీ పెట్టే పంపుతోందిరా మీ అక్క. ఒక్కరోజూ మానలేదు. నేనే నీకు చెప్పలేదు."

బొంగరం కూర్చున్నాడు. మూత తీశాడు. కళ్ళు నిండి గిన్నె సరిగా కనపడలేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు.

"కూరలో ఉప్పు తక్కువైంది బావా."

"పెళ్ళైన దగ్గర్నుంచీ తక్కువే," అన్నాడు బావ. "సాయంత్రం ఇంటికొచ్చి నువ్వే చెప్పు."